అంతర్వేది దాకా వెళ్లలేదు

మా టీమ్‌లో ఆర్మేనియా నుంచి పనిచేసే అమ్మాయి ఒకావిడ ఉంది. ఊరు యెరెవాన్. రోజూ కాల్‌లో కనిపించే మొహమే గానీ, పని తప్ప వేరే మాటలు మేం మాట్లాడుకున్నది తక్కువ. ఓ రోజు కాల్ అయిపోతుండగా, "వచ్చే వారం నాలుగు రోజులు నేను సెలవు. సైకిల్ మీద చర్చిలకీ, పాత మఠాలకీ తిరగబోతున్నాం" అంది.

"ఒక్కదానివేనా?"

"ఇరవై మందిమి. మేం తొక్కే ప్రతి కిలోమీటరుకీ ఇంత అని తెలిసినవాళ్లు డబ్బులిస్తారు. ఆ డబ్బుతో ఓ పల్లెటూరి బడికి చలికాలం కోసం హీటర్లు కొంటాం. నువ్వూ ఇస్తావా?"

ఇస్తానన్నా. మొహమాటానికి అన్న మాటే, నిజం చెప్పాలంటే. కానీ ఆ నాలుగు రోజులూ ఆవిడ పంపిన ఫోటోలు చూస్తే పని మీద మనసు నిలవలేదు. మొదటిది ఖోర్ విరాప్ అనే మఠం. వెనకాల మంచు కప్పుకున్న అరరాత్ పర్వతం. ఆర్మేనియా వాళ్లకి అది మనకు కైలాసం లాంటిది. కానీ ఉన్నది సరిహద్దు అవతల, టర్కీలో. ఆ సరిహద్దు మూసేసి దశాబ్దాలైంది. ఇవతల నుంచి దణ్ణం పెట్టుకోవడమే. ఆ మఠంలో నేల కింద ఓ గొయ్యి ఉంది. గ్రెగరీ అనే సాధువుని అక్కడి రాజు అందులో పదమూడేళ్లు పడేశాడట. చివరికి ఆ రాజే ఆయన దగ్గర మతం పుచ్చుకున్నాడు. క్రీ.శ. 301లో క్రైస్తవాన్ని రాజ్యమతంగా తీసుకున్న మొట్టమొదటి దేశం మాదేనని వాళ్లు చెప్పుకుంటారు. తర్వాతి రోజు గెఘార్డ్. మన ఉండవల్లి గుహల్లా కొండని తొలిచి కట్టిన చర్చి. ఆ తర్వాత సెవాన్ సరస్సు ఒడ్డు.

నాకు బాగా నచ్చింది మాత్రం చివరి ఫోటో. ఓ చర్చి ఆవరణలో పెద్ద గిన్నె, చుట్టూ చెమటోడుతున్న సైకిల్ జనం. దాన్ని 'మతాఘ్' అంటారట. మొక్కుకున్నవాళ్లు పొట్టేలునో కోడినో ఇచ్చి, ఆ మాంసాన్ని ఉప్పేసి ఉడికించి ఇరుగుపొరుగుకీ, పేదవాళ్లకీ పంచిపెడతారు. "ఇది మా అన్నదానం లాంటిదే కదా" అని మెసేజ్ పెట్టా. ఆవిడ నవ్వు బొమ్మ పెట్టి, "మనం పాత చుట్టాలమే. మా భాషలో ప్రపంచంలోనే మొదటి పత్రిక అచ్చయింది మీ మద్రాసులో, తెలీదా?" అంది.

తెలీదు. వెతికితే నిజమే. 1794లో హరుత్యూన్ శ్మవోనియన్ అనే ఆర్మేనియన్ ప్రీస్టు అక్కడ 'అజ్‌దరార్' పత్రిక తెచ్చాడు. చెన్నైలో రెండేళ్లు ఉద్యోగం చేశా. ఆర్మేనియన్ స్ట్రీట్ మీదుగా లెక్కలేనన్నిసార్లు వెళ్లా. ఆ పేరు ఎందుకొచ్చిందని ఒక్కసారీ అడగలేదు.

పక్కనున్నదాన్ని అడక్కపోవడం నాకు పాత అలవాటు. మా ఊరి సంగతీ అంతే.

క్షణంలో ముక్తి, రేవులో గంట

మాది ముక్తేశ్వరం. కోనసీమలో గౌతమి గోదావరి ఒడ్డున. మా ఊళ్లో దేవుడు క్షణ ముక్తేశ్వరుడు. క్షణంలో ముక్తి ఇచ్చే స్వామి. అవతలి ఒడ్డు కోటిపల్లి. అక్కడికి వెళ్లే పంటు కోసం మాత్రం గంట నిలబడాలి. ఈ జోకు మా ఊళ్లో తాతల నాటిది.

బయటివాళ్లకి మా రేవు ఓ వీడియో స్పాట్. కొబ్బరి చెట్లు, నీళ్లు, పంటు మీద బైకులు, వెనకాల సూర్యాస్తమయం. వానాకాలం వచ్చేదాకా అంతే. గోదావరికి వరదొస్తే మా దగ్గర ఎదురుబిడియం కాజ్‌వే మీదకి నీళ్లెక్కుతాయి. అప్పుడు అవతలున్న లంక ఊళ్లకి పడవే దారి. పాలు, కూరగాయలు, గర్భిణులు, బడి పిల్లలు, అందరూ పడవలోనే.

తొమ్మిదో తరగతిలో నా బెంచీలో కూర్చునే కుర్రాడు లంక నుంచి వచ్చేవాడు. వరద రోజుల్లో పుస్తకాలు పాలిథిన్ కవర్లో, చెప్పులు చేతిలో, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వచ్చేవాడు. ఒకసారి మాస్టారు ఆలస్యం ఎందుకైందని గద్దిస్తే, "పడవ రాలేదండి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వా.

2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమిలో ఓ పడవ, కడుతున్న వంతెన స్తంభాన్ని గుద్దుకుని బోల్తా పడింది. బడి నుంచి ఇంటికెళ్తున్న ఆడపిల్లలు కొట్టుకుపోయారు. నేనప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నా. ఆ రోజు ఫోన్లో వార్త చూస్తుంటే నాకు మొదట గుర్తొచ్చింది ఆ క్లాసురూములో నవ్వు.

ఆర్మేనియా ఫోటోలు చూసిన రాత్రి ఇదంతా మళ్లీ తిరిగింది బుర్రలో. వాళ్లు హీటర్లు కొన్నారు. మనం పిల్లలకి లైఫ్ జాకెట్లు కొనలేమా? వాళ్లకి మఠాలుంటే మనకి అడుగుకో గుడి ఉంది. కొండలెక్కే బాధ కూడా లేదు. కోనసీమంత చదునైన నేల ఎక్కడ దొరుకుతుంది?

"నువ్వు తొక్కకురా బాబూ"

ప్లాన్ ఇది. సంక్రాంతికి అందరం ఊళ్లోనే ఉంటాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి మర్నాడు ముక్కనుమ. ముక్తేశ్వరంలో స్వామికి దణ్ణం పెట్టుకుని బయల్దేరి, అయినవిల్లి వినాయకుడు, దారిలో శివాలయాలు, జగ్గన్నతోట, పి.గన్నవరం, రాజోలు, చివరికి సముద్రం దగ్గర అంతర్వేది నరసింహస్వామి. పక్క ఊళ్లన్నీ కలిపి 70 కిలోమీటర్లు. కిలోమీటరుకి 10 రూపాయలు.

వాట్సాప్ గ్రూపులో పెట్టా. మొదటి జవాబు మా పెద్ద బావది. "మొత్తం 700 కదా, ఇప్పుడే కొడతా. నువ్వు తొక్కకురా బాబూ, ఎక్కడైనా పడితే ఆస్పత్రికి అంతకి పదింతలవుద్ది."

అమ్మ ఇంకా సూటిగా అడిగింది. "జాకెట్లు కొనాలంటే కొనండి. తలా రెండు వేలు వేసుకుంటే అయిపోద్ది. మధ్యలో ఈ సైకిళ్ల ఊరేగింపు ఎందుకు?"

నా దగ్గర సమాధానం లేదు. అవగాహన కోసం అన్నా. ఆ మాట నాకే అతికించినట్టు అనిపించింది. అమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్న. మన దగ్గర దానం అంటే చేతిలో పెట్టడం, విస్తరిలో వడ్డించడం. నేను చెమటోడుస్తా, నువ్వు డబ్బులియ్యి అనే లెక్క మనకి కొత్త. మొక్కుంటే మెట్లెక్కుతాం, కాలినడకన వెళ్తాం. కానీ దానికి ఎవర్నీ బిల్లు అడగం.

అయినా 46 మంది పేర్లిచ్చారు. తొక్కడానికి తొమ్మిది మందిమి తేలాం. హైదరాబాద్ నుంచి ముగ్గురు, బెంగళూరు నుంచి ఇద్దరు, మిగతా ఊళ్లోవాళ్లు. గేరు సైకిళ్లు రెండే. మిగిలినవి పాలవాళ్ల దగ్గరా, చుట్టాల దగ్గరా అడిగి తెచ్చినవి. డిగ్రీ చదివే మా పిన్ని కూతురు హైస్కూల్లో ఉండగా బడిలో ఇచ్చిన సైకిల్ బయటికి తీసింది. రోజంతా చైను ఊడనిది అదొక్కటే. నా సైకిల్ క్యారియర్ వెనక అట్టముక్క మీద యూపీఐ క్యూఆర్ కోడ్ అంటించాం. కింద స్కెచ్ పెన్నుతో, 'లంక పిల్లల లైఫ్ జాకెట్ల కోసం'.

దారి పొడుగునా ప్రశ్నలే

పొద్దున్నే మంచు. కాలవ గట్టు మీద పక్కనున్న సైకిల్ కూడా కనపడలేదు. అయినవిల్లి సిద్ధి వినాయకుడి గుడికి చేరేసరికి స్వెట్టర్లు తడిసిపోయాయి. పరీక్షల ముందు స్వామి దగ్గర పూజ చేసిన పెన్నులు ఇక్కడ పిల్లలకి పంచుతారు. నేనూ టెన్త్‌లో ఆ పెన్నుతోనే రాశా. మా తొమ్మిది మందిలో ఐదుగురు అంతే. ఆ పెన్ను ఇంకా దాచుకున్నవాడు ఒకడున్నాడు. వాడిప్పుడు డేటాబేస్ అడ్మిన్.

గుడి బయట కొబ్బరికాయలు అమ్మే పెద్దావిడ సైకిళ్లని ఎగాదిగా చూసింది.

"ఏ ఊరు బాబూ? ఏటిదంతా?"

చెప్పాం. అట్టముక్క చదివించుకుంది. కొంగుముడి విప్పి 20 రూపాయల నోటు తీసింది. "ఫోనులో ఎయ్యడం నాకు రాదు. ఇది పెట్టుకో. మా మనవరాలు కూడా ఏరు దాటే ఎళ్లేది." ఇంకేం చెప్పలేదు. మేమూ అడగలేదు.

అప్పుడు అమ్మ ప్రశ్నకి సగం జవాబు దొరికింది. కారులో వస్తే ఈవిడ మాతో మాట్లాడేది కాదు. కాయ కొట్టించుకుని, పార్కింగ్ దగ్గర తిట్టుకుని వెళ్లిపోయేవాళ్లం. సైకిల్ మీద వచ్చిన మనిషిని ఎవరైనా ఆపి అడగొచ్చు. ఆ రోజు ఎంతమంది ఆపారో. టీ కొట్టు దగ్గర, పంక్చర్ వేయించుకున్న చోట, కల్లం దగ్గర. "ఏటండీ, పోటీనా?" అని కొందరు. "ఎలక్షన్లు వచ్చాయా?" అని ఒకాయన. చెప్పగానే ప్రతివాళ్ల దగ్గరా ఓ వరద కథ బయటికొచ్చేది. నేను ఇరవై ఏళ్లు ఈ నేల మీద పెరిగి విన్నవాటికంటే ఆ ఒక్క పూటలో విన్నవి ఎక్కువ.

నేదునూరు, ముక్కామల మీదుగా జగ్గన్నతోట చేరాం. పేరు తోట గానీ అక్కడ గుడి లేదు. కనుమ నాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభల మీద వచ్చి కలిసే చోటు అది. ఏకాదశ రుద్రులు. వ్యాఘ్రేశ్వరం, పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పుల్లేటికుర్రు. పదకొండు మందీ ఏడాదికోసారి కూర్చుని లోకం బాగోగులు మాట్లాడుకుంటారని నమ్మకం. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం ఈ ప్రభల తీర్థమే.

మేం వెళ్లేసరికి తీర్థం అయిపోయిన మర్నాడు. రంగు కాగితాలు, నలిగిన గడ్డి, బెలూన్ ముక్కలు, జీళ్ల అట్టపెట్టెలు. నిన్న ఇదే చోట కాలు పెట్టే సందు లేదు. గంగలకుర్రు ప్రభలు ఎగువ కౌశిక కాలవలో దిగి, నీళ్లలోంచి భుజాల మీద ఎత్తుకుని వచ్చిన దారి ఇంకా తడిగానే ఉంది. అవి పచ్చటి చేలల్లోంచి వస్తాయి. పైరు తొక్కినా రైతు ఏమీ అనడు. స్వామి తన చేలో అడుగు పెట్టాడనుకుంటాడు. ఇన్నేళ్లూ నేను ఆ వీడియోలు షేర్ చేశానే గానీ, ఆ రైతు ఇచ్చేది కూడా దానమేనని అనుకోలేదు. క్యూఆర్ కోడ్ లేని దానం.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దాటేసరికి ఎండ ఎక్కింది. బెంగళూరు నుంచి వచ్చినవాడికి పిక్కలు పట్టేశాయి. రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునే కాళ్లు, పాపం. పి.గన్నవరం దాకా వాడి సైకిల్ని తలా కాసేపు తోశాం.

పి.గన్నవరంలో వైనతేయ మీద అక్విడెక్టు దగ్గర ఆగాం. నది మీదుగా కాలవ. రాజోలు వైపు పొలాలకి గోదావరి నీళ్లు వెళ్లేది దాని మీంచే. పాతదాన్ని పందొమ్మిదో శతాబ్దం మధ్యలో, కాటన్ దొర కాలంలో, హేగ్ అనే ఇంజినీరు కట్టించాడు. 49 ఆర్చీలు. ఇప్పుడు నీళ్లు వెళ్తున్న కొత్తదానికి ఓ ఆడమనిషి పేరు పెట్టారు. డొక్కా సీతమ్మ అక్విడెక్టు. మేం తర్వాత ఆగింది ఆవిడ ఊళ్లోనే.

వెనక్కి తిరిగిన పల్లకీ

లంకల గన్నవరం చేరేసరికి ఒంటిగంటన్నర. డొక్కా సీతమ్మ పేరు ఇప్పుడు మీకు మధ్యాహ్న బడి భోజనం వల్ల తెలిసే ఉంటుంది. 2024లో ప్రభుత్వం ఆ పథకానికి ఆవిడ పేరు పెట్టింది. 1841లో మండపేటలో పుట్టి, ఈ ఊరి డొక్కా జోగన్నగారి భార్యగా వచ్చారు. లంక ఊరు, నదులు దాటి వెళ్లే బాటసారులు, దారిలో హోటళ్లు లేని కాలం. ఏ వేళ వచ్చినా, ఏ కులంవాళ్లొచ్చినా వండి పెట్టారు. ఒక రోజో, ఒక పండగో కాదు. 1909లో పోయేదాకా, దశాబ్దాల పాటు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక వేడుకలకి పిలుపొచ్చినా వెళ్లలేదని, అప్పుడు ఆవిడ ఫోటో తీయించి పట్టుకెళ్లారని ఇక్కడ చెప్పుకుంటారు.

ఆవిడ ఇంటి ముందు నీడలో కూలబడ్డాం. ఇంకా రాజోలు, ఆపైన అంతర్వేది. సగం దూరం మిగిలే ఉంది. పిక్కలు పట్టినవాడు అరుగు మీద వెల్లకిలా పడుకున్నాడు. మా పిన్ని కూతురు ఫోన్లో మ్యాప్ చూస్తూ, "ఇప్పుడు బయల్దేరినా అంతర్వేదికి చీకటి పడిపోద్ది అన్నయ్యా" అంది.

నాకు మాత్రం ఆగాలని లేదు. 46 మందికి 70 కిలోమీటర్లని చెప్పా. షీటులో కాలమ్ ఉంది. సగంలో ఆపితే పరువేం కావాలి? ఇద్దరం వెళ్లినా చాలు, పూర్తయినట్టే అన్నా.

దారిన పోతున్న పెద్దాయన ఒకరు ఆగి, సంగతంతా విని, "అంతర్వేదికా?" అని నవ్వారు. "సీతమ్మగారే ఎళ్లలేదు కదండీ."

మా అందరికీ ఎప్పుడో విన్న కథే. ఆయన నోట వింటే వేరేగా ఉంది. ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర్నుంచి కదలని సీతమ్మగారు ఒక్కసారి అంతర్వేది స్వామిని చూడాలని పల్లకీలో బయల్దేరారట. దారిలో బోయీలు ఆగినచోట, పక్కనే ఓ కుటుంబం. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. పెద్దవాళ్లు సముదాయిస్తున్నారు. "కాసేపు ఓర్చుకోండి, గన్నవరం వెళ్లిపోతే సీతమ్మగారు అన్నం పెడతారు." ఆ మాట చెవిన పడింది. పల్లకీ వెనక్కి తిప్పమన్నారు. వాళ్లకంటే ముందు ఇంటికెళ్లి ఎసరు పెట్టారు.

"ఆయ్, అదండి సంగతి" అని ఆయన వెళ్లిపోయారు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. నేను షీటులో 70 అని ఉన్నచోట 38 అని మార్చా. గ్రూపులో పెట్టా. 'లంకల గన్నవరంలో ఆపేస్తున్నాం. 38 కిలోమీటర్లే తొక్కాం. అంతకే ఇవ్వండి.' తర్వాత ఓ ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిళ్లు పడేసుకుని ఇంటికొచ్చాం. ముక్కనుమ కోడికూర చల్లారిపోయింది.

చాలామంది 700 ఇచ్చారు. లెక్కగా 380 పంపినాయన ఒక్కరే. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. మా మాటని మాటగా తీసుకున్నది ఆయనొక్కరే కదా. మా పెద్ద బావ వెయ్యి పంపి, 'పడలేదు కాబట్టి బోనస్' అని రాశాడు. దారిలో వచ్చిన నోట్లూ చిల్లరా కలిపి మొత్తం 33 వేల పైచిలుకు. 40 జాకెట్లు వచ్చాయి.

పడవాయన అడిగిన మూడు ప్రశ్నలు

జాకెట్లు కొనడంలోనూ తెలియనిదే ఎక్కువ. సైజు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి చూడాలి. పెద్దవాళ్లది చిన్న పిల్లకి తొడిగితే నీళ్లలో జాకెట్టు పైకొస్తుంది, పిల్ల కిందికి జారుతుంది. చిన్నపిల్లలవాటికి కాళ్ల మధ్య నుంచి కట్టే పట్టీ ఉండాలి. బకిల్ పెట్టుకోకపోతే అది జాకెట్టే కాదు. అన్నీ చదివి, చూసి, రెండు సైజుల్లో తెప్పించాం.

జూన్‌లో బళ్లు తెరిచాక రేవు దగ్గర పంచాం. పిల్లలు నారింజ రంగు జాకెట్లు వేసుకుని వరసగా నిలబడ్డారు. వెనకాల గోదావరి. ఫోటో అదిరింది. యెరెవాన్ పంపా. లైకులు బాగా వచ్చాయి. అయిపోయిందనుకున్నా.

పడవాయన బీడీ ఆర్పి నా దగ్గరికొచ్చాడు.

"బాగానే ఉంది బాబూ. ఇయ్యి రాత్రిపూట ఎక్కడెట్టాలి? ఎలకలు కొట్టేస్తాయి."

నేను చూస్తూ నిలబడ్డా.

"తడిసినియ్యి ఆరబెట్టేదెవరు? అలాగే మడతెడితే కంపు కొడతాయి, రెండోనాడు పిల్లలు ఏసుకోరు."

అప్పటికీ నా దగ్గర మాట లేదు.

"ఇంకోటి. పొద్దున్న లంకలోంచి ఇరవై మంది ఏసుకుని ఇటొస్తారు. ఏసుకునే బడికి పోతారు. రెండో తడవ వచ్చే పిల్లలకి ఏటి ఏస్తావు?"

నేను చేసే ఉద్యోగమేంటో తెలుసా? వాడినదాన్ని వెనక్కి తెచ్చి మళ్లీ ఎలా వాడాలో, ఒకేసారి అందరూ ఒకే వైపు వస్తే ఏం చేయాలో చూసే సిస్టమ్‌లు రాయడం. అందుకే జీతమిస్తున్నారు. ఏడో క్లాసు కూడా దాటని పడవాయన దాన్ని బీడీ కాల్చుకుంటూ అడిగేశాడు. మేం ఆర్నెల్లు గ్రూపులో చర్చించాం. రంగు గురించి చర్చించాం. వెనకాల ఏం ప్రింటు చేయించాలా అని చర్చించాం. ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటీ రాలేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు. ప్రాజెక్టు లాంచ్ అయిన రోజు కేకు కోస్తాం. ఆ తర్వాత అయిదేళ్లు దాన్ని నడిపేవాళ్లకి కేకు ఉండదు. పి.గన్నవరం ఆర్చీలు కట్టినాయన పేరు మేం చెప్పుకున్నాం. ఆ కాలవలో ఏటా పూడిక తీసినవాళ్ల పేరు ఒక్కటి ఎవరికైనా తెలుసా? నీళ్లు వచ్చింది మాత్రం వాళ్ల వల్లే.

సీతమ్మగారి గొప్ప ఏంటో నాకు అరుగు మీద కాదు, ఆ రేవులో అర్థమైంది. ఒక పూట అన్నదానం ఎవరైనా చేస్తారు. ఫ్లెక్సీ కట్టి మరీ చేస్తారు. మర్నాడు పొద్దున్న లేచి మళ్లీ ఎసరు పెట్టడం, ఆ మర్నాడు మళ్లీ పెట్టడం, అంతర్వేది మానుకుని మళ్లీ పెట్టడం, అదీ కష్టం. వెయ్యి మందికి ఒక రోజు పెట్టినవాళ్లని మనం మర్చిపోతాం. రోజూ పెట్టిన మనిషిని వందేళ్లు దాటినా మర్చిపోలేదు.

నోట్‌బుక్కు

పడవాయన ప్రశ్నలకి జవాబులు పడవాయనా, పిల్లలే చెప్పారు. మేం విన్నాం. జాకెట్లు ఇళ్లకి వెళ్లకూడదు, పడవతోనే ఉండాలి. ఇటు దిగగానే విప్పి పడవలోనే పడేయాలి. పడవ వెనక్కెళ్లి రెండో తడవ పిల్లల్ని తెస్తుంది. రాత్రికి మూతలున్న రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో. ఆదివారం తాడు మీద ఆరేయాలి. లెక్క రాసే పని లంక నుంచి వచ్చే పదో తరగతి అమ్మాయి తీసుకుంది. వంద పేజీల నోట్‌బుక్కు, దారం కట్టిన పెన్ను. తేదీ, ఎన్ని ఎక్కాయి, ఎన్ని దిగాయి, ఏది చిరిగింది. మా షీటుకన్నా శుభ్రంగా ఉంది.

దసరాకి ఊరెళ్లినప్పుడు ఆ నోట్‌బుక్కు చూశా. వరద మూడుసార్లు వచ్చింది. 40లో 33 బాగున్నాయి. నాలుగింటికి బకిళ్లు విరిగాయి. మూడు కనపడలేదు. ఆ మూడింటి పక్కన ఆ అమ్మాయి 'వెతుకుచున్నాము' అని రాసింది. ఒక పేజీలో మాత్రం ఎర్ర పెన్నుతో, 'ఈ రోజు ఇద్దరు వేసుకోలేదు. పడవ కదలనివ్వలేదు' అని ఉంది. నేను ఈ ఏడాది రాసిన ఏ కోడ్ కంటే ఆ ఒక్క లైను ఎక్కువ పని చేసింది.

ఇక అమ్మ ప్రశ్న. తలా రెండు వేలేసుకుంటే అయిపోయేదానికి సైకిళ్లు ఎందుకు? నిజమే, ఆ డబ్బుకి సైకిళ్లు అక్కర్లేదు. కానీ డబ్బు వేసి ఉంటే నేను జాకెట్లు కొరియర్ చేయించి హైదరాబాద్‌లో కూర్చునేవాణ్ణి. ఏరు దాటే మనవరాలున్న పెద్దావిడా, పల్లకీ కథ చెప్పినాయనా నాకు తగిలేవాళ్లు కాదు. సగంలో ఆగిపోవడం తప్పు కాదని తెలిసేది కాదు. పడవాయన అడిగితే వినే ఓపిక కూడా ఉండేది కాదేమో. నెమ్మదిగా వెళ్తేనే దారిలో మనుషులు తగులుతారు. సైకిల్ వల్ల నాకు జరిగిన లాభం అదే.

వచ్చే ముక్కనుమకి మళ్లీ తొక్కుతున్నాం. ఈసారి కిలోమీటర్ల లెక్క లేదు. 46 మందినీ ఒకటే అడిగాం. నెలకి 50 రూపాయలు, ఏడాది పొడుగునా. బకిళ్లకి, కొత్త జాకెట్లకి, డ్రమ్ములకి, పడవాయనకి ఆరబెట్టే కూలికి. ఫోటో ఉండదని ముందే చెప్పాం. 29 మంది సరేనన్నారు. 380 పంపినాయన మొదటివాడు.

మీ ఊళ్లో కూడా ఇలాంటిదేదో ఒకటి ఉంటుంది. ఎవరో ఎప్పుడో ఇచ్చిన వాటర్ ఫిల్టర్, లైబ్రరీ బీరువా, బడిలో కంప్యూటర్. కొత్తది ఇచ్చే ముందు ఒకసారి వెళ్లి అది పనిచేస్తోందో లేదో చూడండి. తాళం ఎవరి దగ్గరుందో అడగండి. సైకిల్ మీద వెళ్తే ఇంకా మంచిది.

అంతర్వేది ఎప్పుడు వెళ్తారని అమ్మ మొన్న ఫోన్లో అడిగింది. ముందు ఆ మూడు జాకెట్లు దొరకనీ అన్నా.